పంచుకున్న పానాలు

మా పెదనాయిన పోయాడని సరూప ఫోన్ చేసినప్పుడు నేను చారుకు చింతపండు పిసుకుతున్నాను. "ఎప్పుడు?" అని అడిగాను. "పొద్దుగాల" అంది. "సరే, వస్తం" అని ఫోన్ పెట్టేసి మళ్ళీ చింతపండు పిసికాను. ఏడుపు రాలేదు. రాదని నాకు ముందే తెలుసు. సరూప ఆయనకు ఒక్కతే బిడ్డ, నా ఈడుది. దాని గొంతు విన్నప్పుడు కొంచెం గుండె కలుక్కుమంది, అంతే. పోయినవాళ్ళ మీద పగ పెట్టుకోవద్దంటారు. ఆ మాట అన్నవాళ్ళకు మా పెదనాయిన లాంటి పెదనాయిన ఉండి ఉండడు. నా చదువు సగంలో తెగింది ఆయన చేతిలోనే అని నేను ఇన్నేళ్ళూ నమ్ముకుని బతికాను. ఒక మనిషిని అంతకాలం తిట్టుకుంటూ బతికాక ఆయన చచ్చిపోతే, ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదే తప్ప, కోపం పోదు.

మా అమ్మ పోయినప్పటి నుంచి మా బాపు హన్మకొండలో నా దగ్గరే ఉంటున్నాడు. పెదనాయినకు సొంత తమ్ముడు. వార్త చెప్తే చేతికర్ర అందుకుని, "పోదాం పా, కారు తియ్యి" అన్నాడు. అన్నదమ్ములిద్దరికీ మాటలు బందై ముప్పై ఏళ్ళు దాటింది. నేను ఆ సంగతి ఎత్తలేదు. బాపుకు మోకాళ్ళు వంగవు కాబట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాను, మా ఆయన వెనక కూర్చున్నాడు, నేను నడిపాను. జనగామ దాటి బచ్చన్నపేట రోడ్డెక్కాక అవే పత్తిచేన్లు, అదే నీళ్ళు లేని చెరువు. రోడ్డు మాత్రం ఇప్పుడు నున్నగా ఉంది. మా రోజుల్లో ఈ రోడ్డు మీద పాల క్యాన్ల మూతలు ఎగిరిపడేవి.

ఇంటి ముందు టెంటు వేశారు, జనం కుర్చీల్లో కూర్చున్నారు. నేను లోపలికి పోకుండా పక్కకు చూశాను. వాకిలి మూలకు, సగం కూలిన గోడ పక్కన, మా వ్యాను ఉంది. టైర్లు లేవు, రాళ్ళ మీద నిలబెట్టారు. లోపల కోళ్ళను కమ్ముతున్నారు. ముందు జాలీ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఇంజను ముఖం బయటికే కనబడుతుంది. దగ్గరికి పోయి వంగి చూశాను. ఇంజను కాలిపోకుండా నీళ్ళు తిప్పే పంపు ఉండాల్సిన చోట ఖాళీ. ఇన్నేళ్ళలో ఎవరూ అక్కడ ఇంకో పంపు బిగించలేదు. పోనీ బండిని అమ్మనూ లేదు, ఎందుకంటే అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. "కాళ్ళు కడుక్కొని లోపలికి రా బిడ్డా" అని ఎవరో ముసలామె పిలిచింది. నేను కదలలేదు. మనిషి శవం కన్నా ఆ బండి శవమే నన్ను ఎక్కువ మండించింది.

ఆ వ్యాను ఒకప్పుడు మా రెండు కుటుంబాల అన్నం. మా తాత చెరువు కింది పొలం అమ్మి, జనగామలో ఎవరో వాడి వాడి వదిలేసిన దాన్ని కొనుక్కొచ్చాడు. అది పాలబండి. పొద్దు పొడవకముందే ఊరూరా ఆగి పాలు ఎత్తుకుని జనగామ పాల కేంద్రంలో దించి, ఖాళీ క్యాన్లతో తిరిగి రావాలి. వచ్చిన క్యాన్లను అమ్మా పెద్దమ్మా కలిసి బూడిదతో తోమి, వేడినీళ్ళు పోసి, బోర్లించేవాళ్ళు. ఎండకాలం ఆ వాకిలంతా పులిసిన పాల వాసన, డీజిలు వాసన, తడి బూడిద వాసన కలిసి కొట్టేవి. ఆ వాసన నా జడలో కూడా ఉండేది. జనగామలో ఇంటర్ చదివేటప్పుడు బెంచీ మీద నా పక్క పిల్ల కొంచెం జరిగి కూర్చునేది. జరిగితే జరగనీ అనుకునేదాన్ని. మా ఊరి నుంచి కాలేజీ వేళకు అందే బస్సు అప్పుడు లేదు, ఇంట్లోవాళ్ళకు ఆడపిల్లను జనగామలో ఉంచి చదివించే తాహతు లేదు. పాలబండి పోతేనే నాకు కాలేజీ, పాలబండి ఆగితే నా చదువు ఆగినట్టే. ఇది ఇంట్లో అందరికీ తెలుసు.

తాత పోయాక అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకు కొట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. కొట్టం జాగ గురించి అని అమ్మ అనేది, తాత దినాలనాడు ఎవరో ఎవరినో ఏదో మాట అన్నారని పెద్దమ్మ అనేది. పెద్దమనుషులు వచ్చి కూర్చుని అన్నీ పంచారు. వాకిలి నడుమ గోడ పెట్టించారు. వ్యానును నడిమికి కోయరాదు కాబట్టి వారం వాళ్ళకు, వారం మాకు అన్నారు. దాన్ని నిలబెట్టడానికి గోడలో ఒకచోట బండి పట్టేంత సందు వదిలారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత బోల్టులు విప్పే పానాల పెట్టె తెచ్చి నడుమ పెట్టారు. ఒక్కో పానాకు రెండు మూతులు, రెండు నంబర్లు. "నీకోటి, నీకోటి" అని వరసగా పంచుకుంటూ పోయారు, జామకాయలు పంచినట్టు. పది-పదకొండు పెదనాయినకు, పన్నెండు-పదమూడు మా బాపుకు, పద్నాలుగు-పదిహేను పెదనాయినకు, పదహారు-పదిహేడు మా బాపుకు. సుత్తె వాళ్ళకు, పట్టుకారు మాకు. జాకీ మాకు వచ్చింది, జాకీ తిప్పే రాడ్డు వాళ్ళకు పోయింది. ఇది చూసి పెద్దమనుషుల్లో ఒక్కడూ నవ్వలేదు. న్యాయంగా పంచామని కల్లు తాగి పోయారు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేకపోవడం అంటే మాట్లాడుకోకపోవడం కాదు, ఆ సంగతి మా దిక్కు వాళ్ళకు తెలుసు. రోజూ మాట్లాడుకునేవాళ్ళే, ఇంకొకరి నోటితో. ఆ ఇంకొకరు నేను. పెదనాయిన గోడకు అటుపక్క, బాపు ఇటుపక్క, ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తుంది. అయినా "డీజిలు వొట్టిగనే పెట్టిపోయిండు, మీ పెదనాయినకు చెప్పు" అంటాడు బాపు. "ఇన్నడా మీ బాపు, టైరుల గాలి లేదు" అంటాడు ఆయన. నేను గోడ సందులో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేదాన్ని. మోసేటప్పుడు మాటలోని ముళ్ళు కొన్ని విరిచేదాన్ని. "సిగ్గులేనోడు" అంటే "యాదిమర్సినట్టున్నడు" అని చెప్పేదాన్ని. ఇంత చేస్తే ఇద్దరూ నా మీదనే విసుక్కునేవాళ్ళు. అమ్మా పెద్దమ్మా మాత్రం మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడు గోడ మీదుగా తోడుపెరుగు, కరివేపాకు, ఊరి కబుర్లు అన్నీ మార్చుకునేవాళ్ళు. మగవాళ్ళ అడుగుల చప్పుడు కాగానే ఎవరి ముఖం వాళ్ళు గంటు పెట్టుకునేవాళ్ళు.

నాకు పెదనాయిన మీద కోపం అప్పుడే మొదలైంది. సరూప కూడా అదే కాలేజీ. మా వారంలో మేమిద్దరం ముందు సీట్లో కూర్చునేవాళ్ళం. ఆయన వారంలో సరూప ముందు, నేను వెనక క్యాన్ల నడుమ. "జాగ లేదు, ఎన్కకు ఎక్కు" అనేవాడు, నా ముఖం చూడకుండా. జాగ ఉండేది. క్యాన్లు ఒరిగినప్పుడల్లా పాలు చిందితే లంగావోణీ తడిసి, కాలేజీకి చేరేసరికి ఎండి అట్టకట్టేది. సరూప వెనక్కి తిరిగి నన్ను చూసి తల దించుకునేది. అది మంచిపిల్ల. దాన్ని ద్వేషించడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

ఆ ఎండకాలం పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో మా వారం వచ్చింది. పెదనాయిన బండి తెచ్చి సందులో పెట్టి, తాళం గోడ మీద పెట్టి పోయాడు. మర్నాడు పాలు ఎత్తుకుని పోతుంటే ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో, ముందు నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు, తర్వాత ఆవిరి. బాపు దిగి జాలీ విప్పాడు. పంపు కింది చిన్న బెజ్జంలో నుంచి నీళ్ళు ధార కట్టి కారుతున్నాయి. పసుపుపచ్చని నీళ్ళు. పెండ్లిలో నలుగు పెట్టినప్పుడు వచ్చే వాసన, దానికి తుప్పు వాసన కలిసి. మా దిక్కు డ్రైవర్లకు అదొక అలవాటు, రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేసి నాలుగు రోజులు నెట్టుకొస్తారు. రేడియేటర్ చిల్లికి ఏమో గానీ, అరిగిన పంపుకు పసుపు ఏం చేస్తుంది. మా బోరునీళ్ళు అసలే సున్నం. పండ్లను గారపట్టించే నీళ్ళు పంపును తినవా. పెదనాయిన తన వారమంతా పసుపుతో నెట్టుకొచ్చి, ఒక్కమాట చెప్పకుండా మాకు అప్పజెప్పాడన్నమాట. బాపు ఆ పసుపునీళ్ళను వేళ్ళతో రుద్ది చూసి రోడ్డు మీద ఉమ్మేశాడు.

ఆ పూట పాలు ఎడ్లబండ్ల మీద వేసి పంపారు, సగం విరిగిపోయాయి. సాయంత్రానికి తగువు రాజుకుంది. "వాని వారంల ఖరాబైంది, వాడే ఏపియ్యాలె" అని బాపు. "నా చేతుల నడిసింది, నీ చేతుల ఆగింది. నువ్వే ఏపియ్యి" అని ఆయన. రెండు మాటలూ నేనే మోశాను. ఈసారి ముళ్ళు విరవలేదు, ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, ఇంకొంచెం పదునుపెట్టే చెప్పాను. పెద్దమనుషులు మళ్ళీ వచ్చి, పంపు ఇద్దరూ కలిసి తేవాలి, ఇద్దరూ కలిసి బిగించాలి అని తేల్చారు. పాల కేంద్రంలో పెద్దసారు నెమ్మదస్తుడు. "ఒకటి రెండు పూటలంటే ఎట్లనో అట్ల సర్దుత. ఎల్లుండి పొద్దుగాలటికి బండి రాకుంటే రూటు ఇంకొకలకు ఇయ్యక తప్పది. పాలు ఆగయి గదా" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. మర్నాడు బాపు జనగామ పోయి కొత్త పంపు తెచ్చాడు. దాన్ని చేతిలో పట్టుకుంటే పోత ఇనుము చల్లగా, బరువుగా ఉంది. రేపటి నుంచి మళ్ళీ కాలేజీకి పోతానని నాకు నమ్మకం కుదిరింది.

పాత బండి కాబట్టి పంపును పట్టుకున్న బోల్టులన్నీ ఒక్క సైజువి కావు. ఎప్పుడు ఏది ఊడితే దొరికింది బిగించారు. పైన ఉన్నవి పదమూడు, అడుగున ఉన్నవి పద్నాలుగు. అంటే పైవి మా బాపు పానాకు వస్తాయి, కిందివి పెదనాయిన పానాకు వస్తాయి. ఒక పానా చేయి మారితే పూటలో అయిపోయే పని. నేను సందులో నిలబడి అడిగాను కూడా. "పెదనాయినా, నీ పానా జర ఇయ్యి, బాపు ఇప్పుతడు" అన్నాను. "నా పానా నా చేతులనే తిరుగుతది" అన్నాడు. సరే అని ఇటు తిరిగి బాపును అడిగితే, "వానికి నా పానా ఇస్తే మళ్ళ మొఖం సూస్తనా దానిది?" అన్నాడు. ఇచ్చిన పానా తిరిగిరాదని భయం ఒకటి, అడిగినవాడు తగ్గినట్టవుతుందని ఇంకొకటి. పెద్దమనుషులు 'కలిసి బిగించాలి' అన్నదానికి వీళ్ళు చెప్పుకున్న అర్థం, ఎవరి బోల్టులు వాళ్ళు బిగించుకోవడం.

అట్లాగే మొదలుపెట్టారు. బాపు ముందు జాలీ విప్పి, నీళ్ళు కిందికి వదిలాడు. కరువు రోజులు కాబట్టి ఆ పసుపునీళ్ళు కూడా పారబోయకుండా నేను బకెట్లలో పట్టాను. బాపు పైబోల్టులు విప్పి, చేతులు తుడుచుకుని మా అరుగు మీదికి పోయి కూర్చుని, "అయిందని చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. అప్పుడు పెదనాయిన వచ్చాడు. గోనెసంచి పరుచుకుని, బండి కిందికి దూరి కిందిబోల్టులు విప్పాడు. ఒకరు బండి దగ్గర ఉండగా ఇంకొకరు రావడం లేదు. అంటరాని బండి అయిపోయింది. ఫ్యాను విప్పడానికి ఒకరు, బెల్టు వదులు చేయడానికి ఒకరు, పట్టుకారు కావాలంటే ఒకరు, సుత్తె కావాలంటే ఒకరు. పాత పంపు ఊడి బయటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, ఎవరూ లేవకపోతే గిన్నెలు ఎత్తేసింది. పెద్దమ్మ గోడకు అటుపక్క నుంచి గొణుగుతూనే ఉంది. ఆమెది గార్ల దిక్కు, కోపమొస్తే వాళ్ళ ఊరి మాటలు వచ్చేవి, అవి ఇక్కడ రాయను.

పంపు బిగించడానికి ఒక పద్ధతి ఉంది. అది ఇద్దరికీ తెలుసు. అన్ని బోల్టులూ ముందు వేళ్ళతో ఎక్కించి, తర్వాత పైది కొంచెం, కిందిది కొంచెం, ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. పందిరికి నాలుగు పక్కలా తాళ్ళు లాగినట్టు. ఒక్క పక్కే లాగితే పందిరి ఒరుగుతుంది. కానీ ఇక్కడ బాపు ఒకసారి కొంచెం బిగించి, అరుగు మీదికి పోయి, ఆయన వచ్చి కొంచెం బిగించి, పోయి, మళ్ళీ ఈయన రావాలంటే ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు ఒకరి తర్వాత ఒకరు నడవాలి. బాపు తన వంతు వచ్చినప్పుడు పైబోల్టులను పళ్ళు కొరికి కడదాకా బిగించేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. చివరి తిప్పుకు ఆయన మెడనరాలు ఉబ్బాయి. ఆ తర్వాత పానాను లుంగీకి తుడిచి, "నాది అయింది. ఇగ వానిది మిగిలింది. చెప్పు" అన్నాడు.

పెదనాయిన బండి కిందికి దూరాడు. పైన బిగిసిపోయేసరికి అడుగున పంపుకూ ఇంజనుకూ నడుమ సన్నని ఎడం మిగిలింది. ఆ ఎడం మూయాలని ఆయన పద్నాలుగు పానా వేసి లాగడం మొదలుపెట్టాడు. నేను పసుపునీళ్ళ బకెట్ పట్టుకుని పక్కనే ఉన్నాను. బోల్టు తిరుగుతుంటే ఇనుము కిర్రుమంది. మొదట సన్నగా, తర్వాత లావుగా. ఆ చప్పుడు బండి తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. బాపు అరుగు మీద నుంచి లేచాడు. ముఖం మారింది. నాలుగడుగులు వేసి సందు దాకా వచ్చాడు. ఆయనకూ బండికింద ఉన్న అన్నకూ నడుమ చేయి చాస్తే అందేంత దూరం. నోరు తెరిచాడు. ఆయన గొంతులో మాట కనబడింది నాకు, నిజంగా కనబడింది. అప్పుడు అన్న వైపు కాకుండా నా వైపు తిరిగి, "చాలని చెప్పు" అన్నాడు.

నేను బకెట్ దించి వంగాను. "పెదనాయినా, బాపు చాలంటు..." అంటుండగానే టక్కుమంది.

పంపు చెవి విరిగింది. బోల్టు పట్టే ఆ చెవి ముక్క బోల్టుతో సహా ఆయన గుండెల మీద పడింది. పెదనాయిన బయటికి జరిగి లేచి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలో పెట్టి, "మీ బాపుకు సూపియ్యి" అన్నాడు. దానికి ఇంకా ఆయన చేతి వేడి ఉంది. బాపు ఎదురుగానే నిలబడి చూస్తున్నాడు, చూపించడానికి ఏమీ లేదు. అయినా నేను రెండడుగులు వేసి చూపించాను. బాపు దాన్ని ముట్టుకోలేదు. "కావాల్ననే పలగ్గొట్టిండు, సూసినవ్ గదా" అన్నాడు నాతో. "పైది గంత బిగిస్తడా ఎవడన్నా" అన్నాడు ఆయన, నాతోనే. ఎవరి అరుగు మీదికి వాళ్ళు పోయారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నేను చేతిలో ఇనుపముక్కతో సందులో నిలబడ్డాను. నా పరీక్షలు, నా కాలేజీ, అక్కడే నా కళ్ళముందే అయిపోయాయి. నాకు ఏడుపు రాలేదు, ఇద్దరినీ ఆ జాకీ రాడ్డుతో కొట్టాలనిపించింది.

తెల్లారేలోపు ఇంకో పంపు తేవడానికి ఇద్దరిలో ఎవరూ కదలలేదు, రూటు పోయింది. పక్క ఊరి పోచయ్య అనే ఆయనకు మూడుచక్రాల ట్రాలీ ఉండేది, ఆయనకు ఇచ్చారు. మర్నాడు పొద్దున పోచయ్య మా గేటు దగ్గర బండి ఆపి, "బిడ్డా, కాలేజుంది గదా, ఎక్కు" అన్నాడు. నేను పుస్తకాలు పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాను. బాపు అడ్డం వచ్చాడు. "మన నోటికాడి బుక్క గుంజుకున్నోని బండి అది. ఎక్కితే మళ్ళ ఈ గడప తొక్కకు" అన్నాడు. పోచయ్య బండి తీసుకుని పోయాడు. ఆ నెల తిరక్కుండానే మేము ఇల్లు మూసి చిట్యాల పోయాం. అది మా అమ్మ పుట్టిన ఊరు. బాపు ఎవరిదో ట్రాక్టరు నడిపాడు. నేను అమ్మతో పాటు పత్తి ఏరాను, మిరప ఏరాను. చేతులు మంటపుట్టి రాత్రిళ్ళు మజ్జిగలో ముంచుకునేదాన్ని. పెండ్లయ్యాక, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, మా ఆయన పట్టుబట్టి ప్రైవేటుగా పరీక్షలు కట్టించాడు. నేను రాయడం అప్పుడు మొదలైంది. ఈలోగా సరూప చదివి నర్సయి సర్కారు దవాఖానలో చేరిందని విన్నాను. వాళ్ళకు కలిసొచ్చింది, మాకు రాలేదు అనుకున్నాను. ఎట్లా కలిసొచ్చిందో ఎన్నడూ అడగలేదు. అడగాలంటే ఆ ఇంటితో మాట ఉండాలి.

నా కారుకు కూడా ఆ మధ్య పంపు మార్చారు. సర్వీసుకు ఇచ్చి అద్దాల గదిలో కూర్చుంటే చల్లగా నీళ్ళిచ్చారు, సాయంత్రానికి తాళం ఇచ్చారు. ఎవరు విప్పారో, ఎవరు బిగించారో నాకు తెలియదు. అందులో పోసేది బోరునీళ్ళు కాదు, ఆకుపచ్చ నీళ్ళేవో కొనితెచ్చి పోస్తారు. పానాలు పంచుకునే కుటుంబాలు కూడా ఇప్పుడు లేవు, పంచుకోవడానికి ఎవరింట్లోనూ పానాలు లేవు. కానీ మాటలు బందు పెట్టుకోవడం మాత్రం ఇప్పుడు ఇంకా సులువైంది. గోడ కట్టక్కర్లేదు, ఫోన్‌లో పేరు నొక్కి బ్లాక్ చేస్తే చాలు. ఆ కాలం మంచిది, ఈ కాలం చెడ్డది అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా వాకిట్లో పాల వాసన ఉండేది నిజమే. ఆ పాలు విరిగిన వాసన కూడా అక్కడిదే.

వ్యాను దగ్గర నుంచి నేను లోపలికి పోయేసరికి బాపు తన అన్న శవం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి "అన్నా" అని పెద్దగా అరిచి తల బాదుకున్నాడు. "అన్నా, నేనొచ్చిన, లేవే" అన్నాడు. ఎవరి నోటితోనూ కాదు, తన నోటితోనే. టెంటు కింద ఉన్న జనమంతా కళ్ళు తుడుచుకున్నారు. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది అన్నారు. నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది. చేయి చాస్తే అందే దూరంలో ఉన్న బతికున్న అన్నతో ఒక్క 'చాలు' అనడానికి రాని నోరు, వినని శవంతో ఎంత బాగా మాట్లాడుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరో నన్ను పట్టుకుని ఏడిస్తే ఏడవనిచ్చాను.

దహనం అయ్యాక సరూప నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, "నువ్వు ఆ పొద్దు పోచయ్య బండి ఎందుకెక్కలె?" అని అడిగింది. బాపు ఎక్కనియ్యలేదని చెప్పాను. సరూప తల ఊపింది. "మా బాపు నన్ను మొదటి రోజే ఊరి బయట ఆ బండి ఎక్కిచ్చిండు. 'రూటు పోతే పోయింది, పిల్లల సదువు ఎందుకు పోవాలె' అన్నడు. రాత్రే పోచయ్య ఇంటికి పోయి చెప్పొచ్చిండు, మా తమ్ముని బిడ్డను గూడ ఎక్కిచ్చుకో, వాడు నేను చెప్పిన్నని తెలిస్తే పంపడు, చెప్పకు అని. గందుకే పోచయ్య మీ గేటుకాడ ఆగింది. నాలుగు రోజులు ఆగిండట" అంది. నాలుగు రోజులు ఆగిన సంగతి నాకు తెలియదు. మొదటిరోజు తర్వాత బాపు నన్ను పొద్దున వాకిట్లోకి రానివ్వలేదు. అది విని నేను కరిగిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు పెదనాయిన మీద ఇంకో కోపం వచ్చింది. నాతో ఆయనకు మాటలు ఉండేవి కదా. రోజుకు పదిసార్లు నన్ను పిలిచి నా నోట తమ్మునికి తిట్లు పంపేవాడు కదా. ఆ ఒక్క మాట నాకు చెప్తే ఏం పోయేది. "నాకెందుకు చెప్పలె?" అని సరూపను అడిగాను. "ఏమో. ఆయనకు మంచిమాట చెప్పరాదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు జనగామ దగ్గర రైలు గేటు పడి ఉంది. కారు ఆపాను. ముందు లారీలు, వెనక లారీలు. బాపు అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెరవకుండానే, "మంచోడే వాడు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "ఆ పొద్దు నువ్వు జర జల్ది చెప్పుంటే పంపు పలగకపోవు."

నేను తిరిగి చూశాను. "ఏమన్నవ్?"

"చాలని చెప్పుమన్న గదా నీకు. బకెట్ పట్టుకొని సూసుకుంట నిలవడితివి. చెప్పేటిది జల్ది చెప్పాలె."

అంటే ఇన్నేళ్ళూ ఆయన లెక్కలో తప్పు వాళ్ళ అన్నది కూడా కాదు, తనది అసలే కాదు, నాదన్నమాట. నా చదువు పోయింది నా వల్లనే. పత్తిచేనుకు నా పక్కన నడిచినప్పుడూ, నా ఇంట్లో నా చేతి బువ్వ తిన్నప్పుడూ ఈయన ఇదే అనుకుంటూ ఉన్నాడన్నమాట. నువ్వు అక్కడే ఉన్నావు కదా బాపూ, నీ నోరు ఏమైంది అని అడగాలనుకున్నాను. పై బోల్టులు ఎవరు బిగించారో, పోచయ్యను ఎవరు పంపారో, నాకు ఏం పోయిందో అన్నీ వరసగా అడగాలనుకున్నాను. నోటిదాకా వచ్చాయి. రైలు వచ్చి పోయింది. గేటు లేచింది. నేను కారు కదిలించగానే బెల్టు పెట్టుకోలేదని కీచుకీచుమని మోత మొదలైంది. బెల్టు పెట్టుకోనిది బాపు.

నేను ఆయన వైపు చూడలేదు. అద్దంలో వెనక కూర్చున్న మా ఆయనను చూసి, "మీ మామకు చెప్పుండ్రి, బెల్టు పెట్టుకొమ్మని" అన్నాను.

మా ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి బాపునూ చూశాడు. "మామా, బెల్టు పెట్టుకోవాల్నట" అన్నాడు మెల్లగా. బాపు పెట్టుకున్నాడు. మోత ఆగింది. అట్లా ఇంకొకరి నోటితో చెప్పించడంలో ఎంత సుఖం ఉందో, ఆ అన్నదమ్ములు దాన్ని చచ్చేదాకా ఎందుకు విడవలేదో నాకు తెలిసింది. హన్మకొండ చేరేదాకా మా బాపుతో నేను అట్లాగే మాట్లాడాను.